'యాన్ యూనివర్సిటీ' ఎందుకు తప్పు?

ప్రశ్న: ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు 'యాన్' పెట్టాలని బళ్లో నేర్చుకున్నాను. మొన్న 'యాన్ యూనివర్సిటీ' అని రాస్తే మా అమ్మాయి నవ్వింది. తప్పేంటండీ?
- ఒక గృహిణి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ అమ్మాయిదే రైటండీ. చూడాల్సింది అక్షరాన్ని కాదు, నోట్లోంచి వచ్చే మొదటి శబ్దాన్ని. యూనివర్సిటీని రాయడం 'యు'తోనే అయినా పలికేటప్పుడు మొదట వచ్చేది 'య' హల్లు, కాబట్టి 'ఎ యూనివర్సిటీ'. అదే మన ఏయూలో చదివే కుర్రాడి గురించి రాస్తే 'యాన్ ఆంధ్రా యూనివర్సిటీ స్టూడెంట్' అవుతుంది, ఎందుకంటే ఇప్పుడు ముందు వినిపించేది ఆంధ్రాలోని 'ఆ'. 'అవర్'లో హెచ్ పలకం, అందుకే 'యాన్ అవర్'.

మన తెలుగువాళ్లకి ఇంకో తంటా ఉంది. యాపిల్, యాంకర్ అని ముందో 'య' తగిలించి పలుకుతాం కదా, ఆ చెవితో వింటే 'ఎ యాపిల్' అనే రాసేస్తాం. ఇంగ్లీషు పలుకుబడిలో అక్కడ 'య' లేదు, నోరు తెరవగానే అచ్చే. 'యాన్' పెట్టేయండి.