మెర్ట్సెన్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

మ్యూనిక్ నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగుందని చెప్పి ఊరుకోవచ్చు గానీ, నువ్వు అడిగింది అది కాదు కదా. మెర్ట్సెన్ బీరు మీద ఆరు పేరాలు రాస్తే, బీరు గ్లాసులో పడింది నాలుగో పేరాలో! అంతకు ముందంతా మ్యూనిక్ బీరు పండగ అక్టోబర్‌ఫెస్ట్‌కు మూలమైన 1810 నాటి పెళ్లి ముచ్చట్లే. యువరాజు లుడ్విగ్, తెరెసా, గుర్రప్పందేలు. అన్నీ నిజాలే. కానీ ఆ పెళ్లి వల్ల బీరు రుచి మారిందా? లేదు. మరెందుకు అంత చోటు?

రుచిని మార్చిన చరిత్ర వేరే ఉంది. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాచకూడదని 1553లో బవేరియాలో ఉత్తర్వు వచ్చింది. ఎండాకాలం కాచింది తొందరగా పాడయ్యేది మరి. దాంతో మార్చిలోనే కాస్త ఘాటుగా కాచి చల్లటి నేలమాళిగల్లో దాచుకునేవాళ్లు. వేసవంతా తాగగా మిగిలినది శరత్కాలంలో ఖాళీ చేసేవాళ్లు. మార్చి బీరు కాబట్టి మెర్ట్సెన్. చలిలో నెలల తరబడి ఊరితే లాగర్‌లోని (చల్లదనంలో నెమ్మదిగా పులిసే ఇలాంటి బీరులోని) మొరటుదనం పోతుంది. గుక్క నున్నగా దిగిందని నువ్వు రాసిన చోట ఈ సంగతి రెండు వాక్యాల్లో చెప్పు, చాలు. పెళ్లి కొట్టెయ్.

ఇప్పుడు అసలు సంగతి. 'తియ్యగా ఉంది' అని మళ్లీ మళ్లీ రాశావు. నాకు నమ్మకం కుదరలేదు. ఒక పని చెయ్యి. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క నోట్లోకి తీసుకో. కాస్త తీపి, కాస్త చేదు, నాలుక మీద గ్యాస్ చురుక్కుమనడం, అంతే ఉంటుంది. మింగేసి ముక్కు వదిలి ఊపిరి బయటికి వదులు. అప్పుడు వస్తుంది అసలు సరుకు: కాలిన రొట్టె అంచు, వేగిన గింజ, ఒక్కోసారి లేత పాకం వాసన. నువ్వు తీపి అనుకున్నదాంట్లో చాలా భాగం ఈ వాసనే. నాలుక చెప్పింది, ముక్కు చెప్పింది విడివిడిగా రాస్తే చదివేవాడి నోట్లోకి బీరు వెళ్తుంది. కలిపేస్తే ఏ కూల్‌డ్రింకుకైనా సరిపోయే వాక్యం తయారవుతుంది.

ఆ వాసన ఎక్కడిదో చెప్పడం మనవాళ్లకు కష్టమేం కాదు. రాగులు మొలకకట్టి, ఆరబెట్టి, దోరగా వేయిస్తుంటే ఇల్లంతా ఎలా గుమ్మంటుందో తెలుసు కదా. ఇక్కడ రాగులకు బదులు బార్లీ. మొలకెత్తించి ఆరబెట్టిన ఈ గింజనే మాల్ట్ అంటారు. ఆరబెట్టే వేడిని లేత రంగు మాల్ట్‌కైతే 80 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఆపేస్తారు, మ్యూనిక్ మాల్ట్‌కు దాదాపు 100 దాకా తీసుకెళ్తారు. రంగూ వాసనా ఆ వేడిలోనే పుడతాయి. మాల్ట్ నుంచి వచ్చే చక్కెరలో ఎక్కువ భాగాన్ని పులియబెట్టే ఈస్ట్ తినేస్తుంది కాబట్టి మంచి మెర్ట్సెన్ చివర్లో తీపి మిగల్చదు. పొడిగా, సన్నటి చేదుతో ముగుస్తుంది. నీ వ్యాసంలో ఆ ముగింపు గురించి ఒక్క ముక్క లేదు! మొదటి గుక్క గురించి ఎవరైనా రాస్తారు. మింగాక అర నిమిషానికి నోట్లో ఏం మిగిలిందో చూసి రాయి.

ఇంకొకటి. అక్టోబర్‌ఫెస్ట్ టెంటులో ఎర్రటి మెర్ట్సెన్ తాగానన్నావు. అనుమానమే. 1872లో మ్యూనిక్ బీరు తయారీదారు జోసెఫ్ సెడ్ల్‌మయర్ అక్టోబర్‌ఫెస్ట్‌లో పోయించింది ఎర్రటిదే. కానీ 1970ల నుంచి పౌలానర్ లాంటి కంపెనీలు తేలికపాటి బంగారు రంగు బీరు వైపు మళ్లాయి. ఇప్పుడు టెంటుల్లో పోసేది అదే, ఫెస్ట్‌బియర్. లీటరు మగ్గులు ఎత్తాలంటే తేలిగ్గా దిగాలి కదా. తేలిక అనేది తాగడానికే, ఆల్కహాల్ మాత్రం 6 శాతం దాకా ఉంటుంది. జ్ఞాపకం మీద ఆధారపడకుండా అప్పుడు తీసుకున్న ఫొటోల్లో రంగు చూడు.

ఎర్రది కావాలంటే ఐయింగర్ వాళ్ల సీసా ఒకటి కొను. వాళ్లది ఊరి బయటి బ్రూవరీ, టెంటుల్లోకి మ్యూనిక్ కంపెనీలు ఆరింటికే అనుమతి. దాన్నీ ఒక ఫెస్ట్‌బియర్‌నూ ఒకే సాయంత్రం పక్కపక్కన పెట్టుకో. ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగు, మరీ చల్లగా ఉంటే వాసన లేవదు. సీసా మీద తేదీ చూసుకో. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది పాతబడిన సీసా, దాని మీద తీర్పు రాయకు.

అన్నట్టు, చివర్లో ఇచ్చిన నాలుగున్నర స్టార్లు తీసెయ్. రెండు గ్లాసులకూ తేడా రాసి పంపు, ఈసారి పెన్సిల్ పట్టుకుని చదువుతాను.

మీ అన్నయ్య