టెక్ సందేహాలు: కొత్త తీగ వేసినా ‘ఈ’ మోగడం లేదు

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ దగ్గరి పల్లె. చర్చిలో నాలుగు తీగల బేస్ గిటార్ వాయిస్తాను. మిగతా మూడు తీగలు స్పష్టంగా పలుకుతున్నాయి కానీ, అన్నిటికంటే లావైన ‘ఈ’ తీగ మాత్రం బొంగురుగా, బలహీనంగా వినిపిస్తోంది. హైదరాబాద్ నుంచి కొత్త తీగ తెప్పించి, పొడవెక్కువైందని కొంత కత్తిరించి బిగించాను. అయినా తేడా లేదు. పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత భాగం) మార్చాలా?

జవాబు: పికప్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ‘ఈ’ తీగను అయిదో ఫ్రెట్టు (గిటార్ మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర నొక్కి మీటండి, వెంటనే పక్కనున్న ‘ఏ’ తీగను ఖాళీగా మీటండి. రెండూ 55 హెర్ట్జ్ స్వరమే కాబట్టి స్పీకర్‌కు రెండూ ఒకటే. నొక్కిన తీగ కాస్త మందంగా పలకడం మామూలే. అంతకుమించి తేడా లేకపోతే, లోపం ఖాళీ ‘ఈ’ తీగ స్వరమైన 41 హెర్ట్జ్ దాకా దిగలేని చిన్న స్పీకర్‌దే అనుకోవచ్చు. తేడా బాగా ఉంటే, యాంప్‌కు (ధ్వనిని పెంచే యాంప్లిఫయర్‌కు) కలపకుండా గిటార్ కొయ్యకు చెవి ఆనించి వినండి. అక్కడా బొంగురుగానే ఉంటే తప్పు తీగదే.

మీ ఉత్తరంలో నాకు అనుమానం కలిగించిన మాట ‘కత్తిరించి’ అన్నది. లోపలి ఉక్కు తీగ మీద చుట్టిన సన్నని తీగ, వంచకుండా కోసినప్పుడు కోసిన కొస నుంచి వదులై జారుతుంది, ముఖ్యంగా లోపలి తీగ గుండ్రనిదైతే. అలా వదులైన తీగ ఎంత బిగించినా మళ్లీ గట్టిగా పలకదు. నేనూ ఒకసారి కొత్త తీగను ఇలాగే పాడుచేసుకున్నాను. ఈసారి మరో ‘ఈ’ తీగ ఒక్కటే కొని, శ్రుతి చేసే మర మేకు దాటి 10 సెంటీమీటర్ల పైచిలుకు ఉంచి, ఆ చోట లంబకోణంలో వంచి, వంపు అవతల కత్తిరించండి. బిగించేటప్పుడు తీగ మెలిపడకుండా చూసుకుని, శ్రుతి చేశాక బ్రిడ్జి (గిటార్ కొయ్య మీద తీగలు ఆనే భాగం) ముందు తీగను వేలితో మెల్లగా కిందికి అదిమితే అది సాడిల్ (బ్రిడ్జిలో ఒక్కో తీగ ఆనే చిన్న ముక్క) మీద వంపు తిరగకుండా సూటిగా కూర్చుంటుంది. ఈ చిన్న పనికే ధ్వని తేటపడటం నేను చాలాసార్లు విన్నాను.

విడిగా చక్కగా మోగి, యాంప్‌లో మాత్రమే సన్నగిల్లితే అప్పుడు పికప్ ఎత్తు చూడాలి. చివరి ఫ్రెట్టు దగ్గర ‘ఈ’ తీగను నొక్కి ఉంచితే, తీగకూ పికప్‌కూ మధ్య సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువుంటే ఆ వైపు స్క్రూను అరచుట్టు తిప్పి వినండి, మళ్లీ అరచుట్టు తిప్పండి. మరీ దగ్గర చేస్తే అయస్కాంతం తీగను లాగి శ్రుతి వణుకుతుంది, అలా వణికితే ఒక అరచుట్టు వెనక్కి తిప్పాలి.