65 వాట్ల ఛార్జర్ పెట్టినా వోల్టేజ్ ఎందుకు చాలట్లేదు?

ప్రశ్న: నా రాస్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటర్ బోర్డుని ల్యాప్‌టాప్ తాలూకు 65 వాట్ల టైప్-సి ఛార్జర్‌తో నడుపుతున్నానండి. మామూలుగా ఆన్ అవుతుంది, కానీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ తగిలించగానే లో వోల్టేజ్ వార్నింగ్ వచ్చి డిస్క్ కట్ అయిపోతోంది, ఒక్కోసారి బోర్డే రీస్టార్ట్ అవుతోంది. మల్టీమీటర్‌తో చూస్తే ఛార్జర్ దగ్గర 5.1 వోల్టులు ఉంది. బోర్డు పోయినట్టేనా?

జవాబు: బోర్డు పోయి ఉండదండి, కంగారుపడి కొత్తది మాత్రం కొనేయకండి. ఆ 65 వాట్లు 20 వోల్టుల దగ్గర లెక్క. మీ బోర్డు 20 వోల్టులు అడగదు కదా, దానికి కావాల్సింది 5 వోల్టులే, అక్కడ ఇలాంటి ఛార్జర్లు చాలావరకు ఇచ్చేది 3 ఆంపియర్లే, అంటే 15 వాట్లు. పై 5 కేమో 5.1 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ ఉండాలి, అది దొరకలేదనుకోండి, బోర్డే యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లకి కట్టేస్తుంది, డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు అంతకన్నా ఎక్కువే లాగుతుంది కాబట్టి కట్ అయిపోతుంది.

వార్నింగ్ సంగతి వేరు, అక్కడ నా అనుమానమంతా కేబుల్ మీదే. మీరు కొలిచింది ఛార్జర్ దగ్గర, అదీ బహుశా డిస్క్ తగిలించకుండా. లోపల సన్నటి 28 గేజ్ వైర్లున్న మీటరు కేబుల్ అయితే పోను రాను కలిపి దాదాపు 0.425 ఓమ్‌లు, 2 ఆంపియర్లు పారితే 0.85 వోల్టు దారిలోనే పోతుంది, బోర్డుకి చేరేది 4.25. వార్నింగేమో 4.63 దగ్గరే వచ్చేస్తుంది. అందుకే డిస్క్ నడుస్తుండగా బోర్డు మీది 40 పిన్నుల వరుసలో 2, 6 పిన్నుల మధ్య కొలవండి. ప్రోబ్ జారనివ్వకండి, 2 పక్కనే ఉన్న 1వ పిన్ను 3.3 వోల్టులది, ఆ రెండూ కలిశాయంటే బోర్డు నిజంగానే పోతుంది. అక్కడ తక్కువ చూపిస్తే ముందు పొట్టిగా, లావుగా ఉన్న కేబుల్ మార్చి చూడండి. డిస్క్‌కి మాత్రం సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టడమే మంచిది.

ప్రశ్న: నేను తయారుచేసుకున్న చిన్న టైప్-సి లైటు పాత ఏ-టు-సి కేబుల్‌తో వెలుగుతుంది, సి-టు-సి పెడితే అస్సలు కరెంటే రాదు. ఛార్జర్ ఫాల్టా?

జవాబు: ఛార్జర్ చేస్తున్నది కరెక్టేనండి. టైప్-సి ఛార్జర్ అవతల డివైస్ ఉందని తెలిసేదాకా 5 వోల్టులు కూడా వదలదు, ఆ సంగతి దానికి చెప్పేవి డివైస్ టైప్-సి సాకెట్‌లోని సీసీ1, సీసీ2 అనే పిన్నుల నుంచి గ్రౌండ్‌కి వేసే 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్లు. మీరు అవి వేసుండరు. రెండిటికీ కలిపి ఒక్కటే వేసి సరిపెట్టకండి, 2019లో వచ్చిన రాస్‌బెర్రీ పై 4 మొదటి బోర్డుల్లో అలాగే చేశారు, దాంతో లోపల చిప్ ఉన్న కేబుళ్లు పెడితే పవర్ రాలేదు, తర్వాత బోర్డు డిజైనే మార్చాల్సొచ్చింది. దేనికది విడిగా వేయండి.