నాలుగు పిల్లులు, ఒక్క ఫీడర్

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంట్లో నాలుగు పిల్లులున్నాయి. ఒకదానికి కిడ్నీ సమస్య, డాక్టర్ వేరే ఫుడ్ రాశారు. ఇంకోటి తిండిపోతు, అందరి గిన్నెలూ నాకేస్తది. కెమెరా ఉన్న ఆటోమేటిక్ ఫీడర్ కొన్నాం గానీ వైఫైకి కలుస్తలేదు. వచ్చే వారం మంచిర్యాలల పెండ్లి, మూడు రోజులు ఇంట్ల ఉండం. ఏం చేయాలె?

జవాబు: రూటర్ వైఫైని 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల మీద పంపుతుంది. ఈ ఫీడర్లలో చాలావాటికి 2.4 తప్ప వేరే బ్యాండ్ తెలియదు. మీ రూటర్ రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటుంది. రూటర్ సెట్టింగ్స్‌లో పేర్లు విడదీసి ఫీడర్‌ను 2.4 పేరుకు కలపండి, కలుస్తుంది. ఈ ముక్క ఎన్నోసారి రాస్తున్నానో లెక్క మర్చిపోయాను. డబ్బా మీద ఒక లైను పెద్దక్షరాల్లో అచ్చేస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

నా భయమంతా ఆ కెమెరాతోనే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్, లక్షల కొద్దీ కెమెరాలను, రూటర్లను పట్టేసింది. అందులో పెద్ద తెలివేం లేదు. ఫ్యాక్టరీలో పెట్టిన అరవై చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను వరసగా కొట్టి చూసింది, అంతే. అందరికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి వస్తువు అమ్మొద్దని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టం అమలు చేస్తోంది. మీ యాప్‌లోకి ఎవడైనా దూరితే వాడు పిల్లిని చూసి మురిసిపోడు. హాల్లో లైటు వెలుగుతోందా, మూడు రోజులుగా మనుషుల అలికిడి ఉందా, అదీ చూస్తాడు. మైకు కూడా ఉంటుంది మరి. కొత్త పాస్‌వర్డ్ పెట్టండి, ఓటీపీ లాగిన్ ఉంటే ఆన్ చేయండి, ఫీడర్‌ను గెస్ట్ నెట్‌వర్క్‌లో, అంటే రూటర్‌లో అతిథుల కోసం విడిగా ఉండే వైఫైలో పడేయండి. కెమెరాను గోడ వైపు తిప్పినా పిల్లుల ఆకలి తీరుతుంది.

అసలు గుప్పెడు గింజలు రాలడానికి ఎక్కడో ఉన్న సర్వర్ అనుమతి ఎందుకండీ? నా దగ్గరున్న ఫీడర్ ఒకటి అర్ధరాత్రి తనంతట తానే అప్‌డేట్ వేసుకొని షెడ్యూలంతా తుడిచిపెట్టింది. పచ్చ లైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతూనే ఉంది. పొద్దున ఆరింటికి మా పిల్లి నా ఛాతీ మీదెక్కి ముక్కు మీద పంజా వేస్తే గానీ సంగతి తెలియలేదు. కాబట్టి ఊరికి పోయే ముందే ఒక పూట రూటర్ ఆపి చూడండి, ఇంకో పూట ఫీడర్ ప్లగ్గు పీకి బ్యాటరీల మీద చూడండి. ఏ ఒక్కసారి గింజలు రాలకపోయినా దాన్ని దుకాణంలో తిరిగిచ్చేయండి.

రాలినా తిండిపోతు గొడవ తీరదు. 'భోజనం పెట్టాం' అని నోటిఫికేషన్ వస్తుంది, తిన్నదెవరో రాదు. పిల్లి మెడ దగ్గర చర్మం కింద వేసే 15 అంకెల మైక్రోచిప్‌ను చదివి, దానికే మూత తెరిచే గిన్నెలున్నాయి. కానీ మీ కిడ్నీ పిల్లికి ఒక్కటి కొంటే సగం పనే. అది మిగతావాటి తిండి ముట్టకుండా వాటి గిన్నెలకూ మూతలు కావాలి. లెక్కేసుకోండి, పెండ్లి కట్నం దాటుతుంది. పైగా రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణం మీదికొస్తుంది, లావు పిల్లికైతే మరీ.

కింది వాటా వాళ్లకు తాళంచెవి ఇచ్చిపోండి. కిడ్నీ పిల్లిని దాని గిన్నెతో సహా ఒక గదిలో పెట్టి తలుపేయమనండి. ఇరవై నిమిషాలాగి తలుపు తీసి, మిగిలింది ఎత్తేసే ముందు గిన్నె ఫొటో వాట్సాప్ చేయమనండి.