మోటారు అలిగితే తప్పా?

ప్రశ్న: మా బాబు తెలుగు వ్యాసంలో ‘వంశధారకి కోపం వచ్చింది’ అని రాస్తే టీచరుగారు కొట్టేసి ‘వరద వచ్చింది’ అని దిద్దారు. ఇంట్లో మా అత్తగారేమో నీళ్ల మోటారు తిరక్కపోతే ‘అలిగింది’ అంటారు. ప్రాణం లేనివాటికి కోపాలూ అలకలూ అంటగట్టడం తప్పా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: తప్పు కాదమ్మా, ఆ వాక్యాన్ని ఉండనివ్వాల్సింది. మేఘదూతంలో యక్షుడు మబ్బుని బతిమాలి భార్యకి కబురు పంపుతాడు కదా, అక్కడ కాళిదాసే చెబుతాడు, పొగా వెలుగూ నీరూ గాలీ కలిస్తే మబ్బు, అదెక్కడ, ప్రాణమున్నవాళ్లు మోయాల్సిన కబురెక్కడ, కానీ విరహంలో ఉన్నవాడికి ఆ తేడా తెలీదు అని. అంటే అన్నీ తెలిసే రాశాడు. జాన్ రస్కిన్ అనే ఇంగ్లీషు విమర్శకుడు 1856లో ఇలాంటి రాతని తప్పుపడుతూ, అలల నురుగు క్రూరమైనది కాదు, దుఃఖంలో ఉన్నవాడికి అలా కనబడుతుంది అన్నాడు. నాకైతే కాళిదాసు మాటే దగ్గరగా ఉంటుంది.

పైగా తెలుగులో ఇది చాలా సులువు. ‘పాప అలిగింది’, ‘మోటారు అలిగింది’, రెండిటికీ క్రియ ఒకటే. ఇద్దరు పాపలైతే ‘అలిగారు’, రెండు మోటార్లైతే ‘అలిగాయి’, బహువచనంలోకి వస్తే గానీ మన భాష వాటిని విడదీయదు!

నా అభ్యంతరం వేరే చోట ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది, తోట పోయిన రైతు ‘మా మీద కక్ష కట్టింది’ అంటే అది ఆయన కడుపుమంట, దిద్దడానికి మనమెవరం? కానీ ఏ ఊళ్లోనైనా ఏటిగట్టు చూసుకోవాల్సినవాళ్లు వరదొచ్చాక ‘నది ఆగ్రహించింది’ అని ఊరుకుంటే మాత్రం నేనొప్పుకోను. కోపం నదిదే అయితే, గట్టు ఎందుకు బాగుచెయ్యలేదని ఎవర్ని అడుగుతాం?

టీచరుగారి దిద్దుబాటు సోషల్ పరీక్షలో సరిగ్గా సరిపోతుంది. అక్కడ ఒడిశా కొండల్లో పడ్డ వాన గొట్టా బ్యారేజీ దాటి మన పొలాల మీదికి ఎలా వస్తుందో రాయాలి. తెలుగు వ్యాసానికి మాత్రం, వంశధారకి కోపం ఎందుకొచ్చిందనుకున్నావు నాన్నా అని బాబుని అడగండి, వాడు చెప్పిందే ఆ తర్వాతి వాక్యంగా రాయించండి.