స్టేజీ ఎటు తిప్పి వేస్తున్నారు?

చిరంజీవి బుజ్జికి అత్త ఆశీస్సులు.

గోపాల్‌పూర్ బీచిలో జరిగే వేసవి సంబరాల్లో పిల్లల కార్యక్రమాలన్నీ నీకే అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. విని మురిసిపోయాను. పక్కింటావిడకీ చెప్పాను. ఫోన్ పెట్టేసిన కాసేపటికి టెన్షన్ పట్టుకుంది. ఇవన్నీ ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ సగంలో పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదువు.

చిన్న సంగతులు ముందు. సాయంత్రం నాలుగున్నర లోపు ఏ ఆటా పెట్టకు, ఇసుక మీద కాళ్లు బొబ్బలెక్కుతాయి. మంచినీళ్లు, మజ్జిగ ఉచితంగా ఉండాలి. అనౌన్స్‌మెంట్లు ఒడియాలోనూ తెలుగులోనూ చెప్పించు. బరంపురం నుంచి మనవల్ని తీసుకొచ్చే అమ్మమ్మలు చాలామందికి తెలుగైతేనే చెవికెక్కుతుంది. రాత్రి పదికల్లా మైకు ఆపెయ్యాలి, రూలు ఉంది. గ్యాస్ బుడగల వాణ్ణి మాత్రం దగ్గరికి రానివ్వకు. ఆ సిలిండర్లో చాలాసార్లు ఉండేది హైడ్రోజన్. కాస్టిక్ సోడాలో అల్యూమినియం ముక్కలు వేసి వాళ్లే తయారు చేసుకుంటారు. పేలితే పక్కనున్న పిల్లల గతేమిటి? ఏడిస్తే ఏడవనీ, నోటితో ఊదిన బుడగలు ఇవ్వు.

ఇక అసలు మాట. స్టేజీ ఎటు తిప్పి వేస్తున్నారు?

నవ్వకు. నువ్వు పుట్టకముందు, మీ నాన్న కమిటీలో తిరిగే రోజుల్లో, అక్కడే ఇలాంటి సంబరాలు జరిగాయి. సాయంత్రం గాలి సముద్రం మీంచి ఊరివైపు కొడుతుంది కదా. స్టేజీ సముద్రం వైపు వేస్తే వెనక తెర ఎగిరొచ్చి ఆడేవాళ్ల నెత్తిన పడుతోందని డెకరేషన్ వాడు గొడవ పెట్టాడు. మీ నాన్న స్టేజీని పీకించి రోడ్డు వైపు వేయించాడు. తెర కుదురుగా నిలబడింది. భలే ఆలోచన అన్నారు అందరూ. జనం వచ్చి సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. అది ఎవరికీ తట్టలేదు.

మ్యాజిక్ మొదలైంది. పెద్దవాళ్లే నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. నాలుగేళ్ల పిల్లలు ఎంతసేపని కూర్చుంటారు? ఒక్కొక్కరే కుర్చీలు దిగి వెనక్కి, తడి ఇసుకలోకి పోయారు. అటు చూసే కన్ను ఒక్కటీ లేదు. ఛత్రపురం నుంచి వచ్చిన ఒకావిడ తిరిగి చూస్తే పక్కన పాప లేదు. ఆవిడ పెట్టిన కేకకు మీ నాన్న మైకు లాక్కుని, "ఎర్ర గౌను పాప కనబడటం లేదు, అందరూ సముద్రం వైపు చూడండి" అన్నాడు. అంతే, జనమంతా లేచి నీళ్లవైపు పరుగు. కుర్చీలు పడ్డాయి, చేతుల్లో ఉన్న పిల్లలూ తప్పిపోయారు. మీ నాన్న పంచెతోనే నీళ్లలోకి దిగిపోయాడు. అక్కడి సముద్రం నీకు తెలుసు, నాలుగడుగులు వేస్తే కింద ఇసుక జారిపోతుంది. ఆయన్ను లాక్కురావడానికి ఇద్దరు దిగాల్సి వచ్చింది.

పాప నీళ్లలోకి వెళ్లనే లేదు. జాలరావిడ ఒకతె చంకనేసుకుని తెచ్చింది. తెప్ప చాటున వలల కుప్ప మీద నిద్రపోతోందట. చేతిలో సగం కొరికిన జంతిక, చెంప మీద వల గళ్లు అచ్చుపడి ఉన్నాయి.

మీ నాన్నను తప్పుపట్టాలని చెప్పడం లేదే. నీ ఓణీల ఫంక్షన్‌కి హాల్లో కుర్చీలన్నీ తలుపువైపు తిప్పించాడని చాదస్తమంటూ విసుక్కున్నావు, గుర్తుందా? అది ఇందుకే. ఆయన ఉంటే నీకీ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు. వారం ముందే వచ్చి అక్కడ కాపురం పెట్టేవాడు.

కాబట్టి స్టేజీ సముద్రం వైపే వేయించు, వెనక తెరే వద్దు. అంతకంటే మంచి తెర ఏ డెకరేషన్ వాడు కుడతాడు? నీళ్లవైపు పోయే పిల్ల ఎవరైనా తల్లి కళ్లముందు నుంచే పోవాలి. లోపలికి రాగానే పిల్లల మణికట్టు మీద పెన్నుతో ఫోన్ నంబరు రాయించు. ఎవరైనా తప్పిపోతే గౌను రంగు మైకులో చెప్పకు, నీ వాళ్లకు చెవిలో చెప్పు. దొరికిన పిల్ల పేరూ చెప్పకు. "పాప ఉంది, టేబుల్ దగ్గరికి రండి" అంటే చాలు, పేరు వచ్చినవాళ్లే చెప్పాలి.

కాపలాకు జాలరి కుర్రాళ్లను పెట్టుకో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం, చాలామంది ఊళ్లోనే ఉంటారు. కూలి లెక్కకట్టి ఇవ్వు, ఊరికే రమ్మనకు. అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక సందు ముదురు రంగులో నున్నగా కనబడుతుంది చూడు, నెమ్మదిగా ఉందని కొత్తవాళ్లు అక్కడే దిగుతారు. లోపలికి లాగేదీ అక్కడే. ఆ కుర్రాళ్లు దూరం నుంచే పసిగడతారు.

పిచ్చుక గూళ్ల పోటీ అన్నావట, నాకు భలే నచ్చింది. నాచు, చెత్త గీతలా ఆరిపోయిన చోటుకి బాగా పైన పెట్టు, తడికి నీళ్లు బకెట్లతో తెప్పించు. పున్నమికీ అమావాస్యకీ పోటు ఆ గీత దాటుతుంది, తేదీ చూసుకో.

పులివేషాల వాళ్లను పిలిచారటగా. ఆ వేషాలు కట్టే మన బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, రెండేళ్లకోసారి గాని రాదు, పిల్లలు మధ్యలోనూ చూడాలి. కానీ ఒంటి నిండా పూసిన రంగు కింద చెమట ఆరదు. ముఖ్య అతిథి రాలేదని వాళ్లను గంటసేపు నిలబెడితే నీతో మాట్లాడను. ముందు వాళ్లదే కానివ్వు, అతిథి వచ్చినప్పుడు వస్తాడు.

ఒక్కటి మరిచాను. కాలబైశాఖి, అదే వేసవి సాయంత్రాల్లో ఉన్నట్టుండి వచ్చే గాలివాన, ఊరివైపు నుంచి, పడమటి నుంచి వస్తుంది. జనమంతా సముద్రం చూస్తుంటే వెనక మబ్బు ఎవరికీ కనబడదు. 2013లో ఫైలిన్ తుఫాను మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటినప్పటి నుంచి గాలంటే నాకు గుండె దడే, అనుకుంటే అనుకో. పడమర చూస్తూ ఉండటానికి ఒక మనిషిని పెట్టు, నల్లబడితే షామియానా కిందనుంచి అందరినీ పంపించెయ్యి.

మొదటి రోజు మధ్యాహ్నం బస్సుకు వస్తాను. స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పావంటే ఊరుకోను, ఆ ఉక్కలో చచ్చిపోతాను. తప్పిపోయిన పిల్లల టేబుల్ దగ్గర నాకో కుర్చీ వెయ్యి. జంతికలు నేను తెస్తాను.

మీ అత్త
బరంపురం