38,000 యూరోల మోటర్‌హోమ్ కొనాలా, టెంటుతో తిరగాలా?

ప్రశ్న: ఆరేళ్లుగా జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే కిండర్‌గెల్ట్ కూడా కలుపుకుని నెలకు 4,900 యూరోలు చేతికొస్తాయి. ఇంటి ఖర్చులు 3,500. నెల్లూరులో అమ్మానాన్నలకు 300 పంపుతాను. పొదుపు 26,000 ఉంది. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఐదేళ్లు. పోయిన ఆగస్టులో ఇటలీలో గార్డా సరస్సు దగ్గర హోటల్లో 11 రోజులుంటే 3,900 అయింది. ఏటా అంత పెట్టలేక 38,000కి ఒక పాత మోటర్‌హోమ్ (పడకలు, వంటగది ఉన్న బండి) చూశాం. పొదుపులోంచి 18,000 తీసి, మిగతా 20,000కి 7 శాతం వడ్డీతో ఆరేళ్ల అప్పు తీసుకోవాలని ఉంది. కిండర్‌గెల్ట్ నెలకు 518 వస్తుంది కాబట్టి వాయిదా దాంతోనే తీరిపోతుంది. మా ఆవిడకు టెంటంటే ఇష్టం లేదు. మూడేళ్లలో ఫ్లాట్ కొనాలనీ ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఇప్పుడు కొనకండి. పిల్లలతో ఐరోపా అంతా తిరగాలన్న మీ కోరికను మాత్రం వాయిదా వెయ్యొద్దు. మీ పెద్దబ్బాయికో అమ్మాయికో తొమ్మిదేళ్లు. అమ్మానాన్నలతో సెలవులకు ఇష్టంగా వచ్చే వేసవులు ఇంకో అయిదారే ఉంటాయి. ఆ వేసవులకు డబ్బు ఎలా సిద్ధం చెయ్యాలో చూద్దాం.

ముందు మీ లెక్కలో ఒక పొరపాటు. కిండర్‌గెల్ట్‌ను 4,900లో ఒకసారి కలిపారు, వాయిదా దగ్గర మళ్లీ వాడారు. ఒకే 518 రెండు చోట్ల ఖర్చవదు కదా. నిజంగా మీకు నెలకు మిగిలేది 1,100. 20,000 అప్పుకు ఆరేళ్లపాటు నెలవాయిదా దాదాపు 341. మొత్తం మీద వడ్డీయే 4,550 దాకా కడతారు.

వాహనం కొన్నాక అసలు ఖర్చు మొదలవుతుంది. నా అంచనా ఇది. బీమా, రోడ్డు పన్ను కలిపి ఏడాదికి 1,000. వీధిలో పెట్టకుండా షెడ్డులో చోటు తీసుకుంటే నెలకు 70 చొప్పున 840. సర్వీసు, టైర్లు, రెండేళ్లకోసారి చేయించాల్సిన తనిఖీకి 600. ఆరేళ్ల తర్వాత 23,000కి అమ్ముడుపోయిందనుకుందాం, అప్పుడు ఏడాదికి 2,500 విలువ తరిగినట్టు. వడ్డీ ఏడాదికి 760. అన్నీ కలిపితే 5,700. డీజిలు, క్యాంప్‌సైట్ (టెంట్లు, ఇలాంటి బండ్లు నిలుపుకునే స్థలం) అద్దె ఇందులో లేవు.

ఇక ఆ వాహనంలో ఏడాదికి ఎన్ని రాత్రులు పడుకుంటారు? నేను అందరినీ ముందు అడిగేది ఇదే. జర్మనీలో వారానికి అయిదు రోజులు పనిచేసేవారికి చట్టప్రకారం ఇచ్చి తీరాల్సిన సెలవులు 20. ఐటీ కంపెనీలు చాలావరకు 30 ఇస్తాయి. మీకూ 30 ఉన్నాయనుకున్నా, నెల్లూరు వెళ్లే ఏడాది అందులో 20 అక్కడికే పోతాయి. ఆ వేసవంతా మోటర్‌హోమ్ షెడ్డులోనే ఉంటుంది. శని, ఆదివారాలు కలుపుకున్నా సగటున 25 రాత్రులు దాటడం కష్టం. 5,700ను 25తో భాగిస్తే రాత్రికి 228 యూరోలు. మీరు ఎక్కువైందనుకున్న గార్డా హోటల్లో తిండీ తిరుగుడూ అన్నీ కలిపి రోజుకు 355 అయింది. ఇక్కడ 228 వట్టి పడకకే.

అదే మోటర్‌హోమ్‌ను అద్దెకు తీసుకుంటే? ఆగస్టు ధర రోజుకు 135 అనుకున్నా 25 రాత్రులకు 3,375. మే, సెప్టెంబరు నెలల్లో ఇంకా తగ్గుతుంది. ఏడాదికి 42 రాత్రులు దాటితే గానీ కొన్నది గిట్టుబాటు కాదు. పదవీ విరమణ చేసి శీతాకాలమంతా స్పెయిన్ తీరంలో గడిపే జర్మన్ దంపతులకు ఆ లెక్క కుదురుతుంది. ఉద్యోగం, బడి, నెల్లూరు ప్రయాణం ఉన్న మీకు కుదరదు.

నన్ను నిజంగా కలవరపెట్టింది పొదుపులోంచి 18,000 తియ్యడం. మిగిలే 8,000 మీ ఇంటి ఖర్చులకు రెండు నెలల పైచిలుకు వస్తుంది, అంతే. ఉద్యోగం పోతే, పిల్లలున్నవారికి నిరుద్యోగ భృతి చేతికొచ్చే జీతంలో 67 శాతం దాకా ఇస్తారు. కానీ మీ నివాస అనుమతి ఉద్యోగంతో ముడిపడి ఉంటే భృతి ఒక్కటే ధైర్యం ఇవ్వదు. ఆరు నెలల ఖర్చు, అంటే 21,000, కదిలించకండి. పైగా ఫ్లాట్ అప్పుకు వెళ్లినప్పుడు బ్యాంకు మొదట చూసేది మీ మీద ఇప్పటికే ఉన్న వాయిదాలనే.

సెలవుల కోసం టాగెస్‌గెల్ట్ ఖాతా ఒకటి విడిగా తెరవండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, కొద్దో గొప్పో వడ్డీ వస్తుంది. జీతం పడ్డ మర్నాడే అందులోకి 430 వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. ఇందులో 180 నెల్లూరు ప్రయాణానికి. నలుగురి టికెట్లు, అక్కడి ఖర్చులు కలిపి రెండేళ్లకోసారి 4,300 చేతిలో ఉంటాయి. మిగతా 250 ఐరోపా తిరుగుళ్లకు, అంటే ఏడాదికి 3,000. చాలా కుటుంబాలు ఇండియా ప్రయాణాన్ని సెలవుల ఖర్చులో వెయ్యవు. అమ్మానాన్నల్ని చూడ్డానికి వెళ్లడం విహారం ఎలా అవుతుందని అడుగుతారు. మనసుకు అది వేరే, ఒప్పుకుంటాను. కానీ డబ్బు పోయేది అదే జేబులోంచి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకోకపోవడం వల్లే భారం క్రెడిట్ కార్డు మీద పడుతుంది. ఇదంతా పోనూ మీకు నెలకు 670 మిగులుతుంది, దాన్ని ఫ్లాట్‌కు కేటాయించండి.

3,000లో ఏం వస్తుందంటారా? మీ రాష్ట్రం బాడెన్-వుర్టెంబెర్గ్‌లో బడి సెలవులు జులై చివర మొదలై సెప్టెంబరు రెండో వారం దాకా ఉంటాయి. మీకు ఇది పెద్ద వరం. ఆగస్టు 15 పండగ చుట్టూ ఇటలీ మొత్తం రోడ్ల మీదే ఉంటుంది, ధరలూ అలాగే ఉంటాయి. ఆగస్టు చివరి వారానికల్లా హాలండ్ వాళ్లూ ఉత్తర జర్మనీ వాళ్లూ చాలామంది పిల్లల బళ్ల కోసం ఇళ్లకు తిరిగిపోతారు. అప్పుడు బయల్దేరండి. గార్డా నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. 12 రాత్రులకు టెంటు స్థలం 45 చొప్పున 540, డీజిలు, టోలు 300, తిండి 540, పిల్లల సరదాలకు 300, మొత్తం 1,680. పెంతెకొస్తు పండగ సెలవుల్లో ఒక వారం బోడెన్‌సే సరస్సు ఒడ్డునో, బ్లాక్ ఫారెస్ట్‌లో టిటిసే సరస్సు దగ్గరో ఉంటే 550. రెండు మూడు వారాంతాలకు 450. టెంటు, పరుపులు, స్లీపింగ్ బ్యాగులు, పొయ్యి, చల్లపెట్టె కలిపి 1,200 అయినా ఆరేళ్లు వస్తాయి కాబట్టి ఏడాదికి 200.

మీ శ్రీమతి అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకండి. అర్ధరాత్రి చిన్న పిల్లాణ్ని బాత్రూముకు నడిపించుకెళ్లేది ఎవరో ఆవిడకు తెలుసు. పెద్ద క్యాంప్‌సైట్లలో మొబైల్ హోమ్‌లు, అంటే అక్కడే నిలిపి ఉంచే చిన్న ఇళ్లు, అద్దెకిస్తారు. పడకగదులు, వంటగది, బాత్రూము అన్నీ ఉంటాయి. సెప్టెంబరులో రాత్రికి 85 అనుకుంటే టెంటు కన్నా 12 రాత్రులకు 480 ఎక్కువ. వారాంతాల తిరుగుళ్లు తగ్గించుకునైనా ఆ 480 పెట్టండి. వచ్చే మే నెలలో నాలుగు రోజులు మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని ఆవిడకు అదైనా నచ్చుతుందేమో చూడండి.

వంట మీరే చేసుకుంటే తిండి ఖర్చు సగానికి తగ్గుతుంది. అయితే చాలా క్యాంప్‌సైట్లలో కరెంటు 6 ఆంపియర్లే, అంటే 1,380 వాట్లు. రైస్ కుక్కర్‌కు సరిపోతుంది, ఇండక్షన్ పొయ్యి పెట్టగానే ఫ్యూజు పోతుంది. గ్యాసు పొయ్యి తీసుకెళ్లండి.

స్విట్జర్లాండ్ మీదుగా వెళ్తే హైవేల మీద నడపడానికి కొనాల్సిన రోడ్డు స్టిక్కరు ఏడాదిది మాత్రమే దొరుకుతుంది, 40 ఫ్రాంకులు. ఆస్ట్రియాలో 10 రోజులది ఉంటుంది గానీ ఇటలీలోకి వెళ్లే బ్రెన్నర్ దారికి వేరే టోలు కట్టాలి.

ఇంకొక్కటి, దీన్ని మాత్రం ఆలస్యం చెయ్యకండి. మీ ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు వెనక ఉండే ఐరోపా కార్డు ఇటలీలో, ఆస్ట్రియాలో అత్యవసర వైద్యానికి పనికొస్తుంది. కానీ భారత పాస్‌పోర్టు ఉన్నవారికి స్విట్జర్లాండ్, డెన్మార్క్, నార్వే, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్‌లలో అది చెల్లదు. పేషెంటును ఇంటికి చేర్చే ఖర్చును ఏ దేశంలోనైనా ఆ కార్డు భరించదు. విదేశీ వైద్య బీమా కుటుంబం మొత్తానికి ఏడాదికి కొన్ని పదుల యూరోలే. క్యాంప్‌సైట్ బుక్ చేసే ముందే తీసుకోండి, పాలసీ కాగితం ఒకటి మీ శ్రీమతి ఫోన్లోనూ ఉంచండి.